గుండెపోటు, రక్తపు గడ్డ, ఆస్పిరిన్: డాక్టర్ లారెన్స్ క్రేవెన్ పరిశోధనపై తరచుగా అడిగే ప్రశ్నలు

గుండెజబ్బు ఉన్నవారి మందుల డబ్బాలో తప్పకుండా కనిపించే చిన్న మాత్ర ఆస్పిరిన్. మన దగ్గర చాలామంది దాన్ని ఎకోస్ప్రిన్ అన్న బ్రాండు పేరుతోనే గుర్తుపడతారు. ఒకప్పుడు తలనొప్పికి, జ్వరానికి వాడిన ఈ మందు గుండెకు ఎలా చేరిందని అడిగేవారికి మొదట చెప్పవలసిన పేరు ఏ పెద్ద ప్రయోగశాలదీ కాదు, అమెరికాలోని ఒక కుటుంబ వైద్యునిది. ఆయన చేసిన పని గురించీ, ఆ తర్వాత తేలిన విషయాల గురించీ పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

లారెన్స్ క్రేవెన్ ఎవరు?

కాలిఫోర్నియా రాష్ట్రంలో లాస్ ఏంజెలెస్ పక్కనే ఉన్న గ్లెండేల్ పట్టణంలో ప్రాక్టీసు చేసిన సాధారణ వైద్యుడు. ఆయన విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు, హృద్రోగ నిపుణుడూ కాదు. జ్వరాలు, దగ్గులు చూసుకుంటూ, టాన్సిల్స్ ఆపరేషన్లు చేసుకుంటూ గడిపిన వైద్యుడు. పరిశోధకుడిగా ఆయన పేరు నిలబెట్టినవి 1950, 1953, 1956 సంవత్సరాలలో వెలువడిన కొద్దిపాటి రచనలే.

గుండెపోటుకు ఆస్పిరిన్ అన్న ఆలోచన ఆయనకు ఎలా వచ్చింది?

టాన్సిల్స్ తీసిన తర్వాత గొంతు పుండులా ఉండి మింగడం కష్టమవుతుంది. ఆ నొప్పికి అప్పట్లో ఆస్పర్‌గమ్ అనే మందు దొరికేది. పేరుకు తగ్గట్టే అది ఆస్పిరిన్ కలిపిన చూయింగ్ గమ్. క్రేవెన్ తన రోగులకు రోజుకు నాలుగు ముక్కలు నమలమని చెప్పేవారు. అయితే కొందరికి ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు గొంతులోంచి రక్తం కారడం మొదలై, ఎంతకీ ఆగక, ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చేది. కోసినచోట పొరపాటేమీ కనిపించలేదు. వారిని కూర్చోబెట్టి ఏం తిన్నారు, ఏం వాడారు అని ఒక్కొక్కటీ అడిగితే, నొప్పి ఓర్చుకోలేక దుకాణంలో అదనంగా కొనుక్కుని రోజుకు 20 ముక్కల దాకా నమిలినట్టు బయటపడింది.

ఇంకొకరైతే ఇకముందు ఆ గమ్ రాయడం మానేసి ఊరుకునేవారు. క్రేవెన్ అక్కడితో ఆగలేదు. రక్తం గడ్డకట్టకుండా ఆపే గుణం గొంతులో పుండు ఉన్నవాడికి చేటు అయితే, గుండె రక్తనాళంలో గడ్డ కట్టబోతున్నవాడికి అదే గుణం మేలు కావాలి కదా అన్నది ఆయన తర్కం. ఎదురైన చిక్కును అటుతిప్పి చూడటమే ఈ కథలో అసలు పరిశోధన అని నా అభిప్రాయం. మిగతాదంతా దానికి కొనసాగింపు.

ఆ అనుమానాన్ని ఆయన తన ఒంటి మీదే పరీక్షించుకున్నారు. రోజుకు 12 ఆస్పిరిన్ మాత్రలు మింగితే కొద్ది రోజుల్లోనే ముక్కులోంచి రక్తం కారింది. ఇది ఎవరూ ఇంట్లో చేసి చూడదగిన పని కాదని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

గుండెపోటుకూ రక్తపు గడ్డకూ అసలు సంబంధం ఏమిటి? కొవ్వు పేరుకుపోవడం వల్ల కదా గుండెపోటు వచ్చేది?

సగం నిజం. గుండె కండరానికి రక్తం అందించే ధమనుల గోడలలో కొవ్వు ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. దీన్నే మనం పూడిక అంటున్నాము. ఈ పూడిక దారిని ఇరుకు చేస్తుంది గానీ, చాలా సందర్భాలలో పూర్తిగా మూసేయదు. ఏదో ఒక రోజు ఆ పూడిక మీది పలుచని పొర చిట్లుతుంది. లోపలి పదార్థం రక్తానికి తగలగానే, శరీరం దాన్ని గాయమనుకుని, వేలు తెగినప్పుడు చేసినట్టే గడ్డకట్టించడం మొదలుపెడుతుంది. తెగిన వేలి దగ్గర ప్రాణం కాపాడే ఆ పని, మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న గుండె ధమనిలో జరిగితే దారి మూసుకుపోయి అవతలి కండరం చచ్చిపోతుంది. నిన్నటిదాకా బాగా నడిచి తిరిగిన మనిషి ఇవాళ ఉన్నట్టుండి కుప్పకూలడానికి కారణం ఇదే: పూడిక ఏళ్ళ నాటిది, గడ్డ మాత్రం నిమిషాలలో తయారైనది.

షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ 1912లోనే ధమనిలో గడ్డకూ గుండెపోటుకూ ఉన్న సంబంధాన్ని వివరించారు. అయినా 1970లలో కూడా కొందరు నిపుణులు గడ్డ గుండెపోటుకు కారణం కాదు, గుండెపోటు వచ్చాక ఏర్పడే ఫలితం అని వాదించేవారు. ఆ వాదన 1980లో తేలిపోయింది. అమెరికాలోని స్పోకేన్ నగరంలో మార్కస్ డివుడ్, ఆయన సహచరులు గుండెపోటు మొదలైన తొలి గంటల్లోనే యాంజియోగ్రామ్ చేసి చూశారు. నాలుగు గంటలలోపు పరీక్షించిన 126 మందిలో 110 మందికి ఆ ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఆలస్యంగా పరీక్షించినవారిలో ఈ నిష్పత్తి తగ్గింది, అంటే కొన్ని గడ్డలు కాలం గడిచేకొద్దీ వాటంతటవే కరుగుతున్నాయన్నమాట. ఫలితం ముందు వచ్చి తర్వాత మాయం కాదు కదా! క్రేవెన్ మాత్రం ఈ రుజువుకు 30 ఏళ్ళ ముందే, గడ్డే కారణమని నమ్మి పని మొదలుపెట్టారు.

ఆయన ఎంతమందికి ఆస్పిరిన్ ఇచ్చారు? ఏం తేలింది?

1950లో ఒక ప్రాంతీయ వైద్య పత్రికకు రాసినప్పుడు ఆయన లెక్క 400 మంది పురుషులు. రెండేళ్ళలో వారిలో ఒక్కరికీ ఆ గడ్డ జబ్బు రాలేదని రాశారు. 1953 నాటికి ఆ సంఖ్య 1,465కు, 1956 నాటికి సుమారు 8,000కు పెరిగింది. చివరి రచనలో గుండెతోపాటు మెదడులో గడ్డల వల్ల వచ్చే పక్షవాతాన్ని కూడా ఆస్పిరిన్ నివారించగలదని సూచించారు. మొదట్లో పెద్ద మోతాదులు వాడినా, పోనుపోను తగ్గించుకుంటూ వచ్చారు.

ఆ 8,000 మందిలో తొమ్మిది మంది గుండెపోటులాంటి లక్షణాలతోనే చనిపోయారు. శవపరీక్షలో వారికి గుండె ధమనిలో గడ్డ కాదు, బృహద్ధమని (గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం తీసుకుపోయే పెద్ద రక్తనాళం) చిట్లి రక్తస్రావం జరిగినట్టు తేలిందని క్రేవెన్ రాశారు. తన మందుకు ఇది అనుకూల సాక్ష్యమని ఆయన భావించారు. ఇవాళ చదివేవారికి ఆ తొమ్మిది మరణాలు వేరే ప్రశ్న వేస్తాయి: చిట్లే రక్తనాళం ఉన్నవారికి గడ్డకట్టనివ్వని మందు ఇవ్వడం వల్ల నష్టం జరిగిందా?

ఇంత స్పష్టమైన ఫలితాన్ని వైద్యలోకం ఎందుకు పట్టించుకోలేదు?

పేరులేని వైద్యుడు, పెద్దగా ఎవరూ చదవని పత్రికలు అని సాధారణంగా చెబుతారు. అది కొంతవరకు నిజమే. కానీ అన్యాయం జరిగిందని మాత్రమే చెప్పి వదిలేస్తే కథ తప్పుదారి పడుతుంది. క్రేవెన్ రుజువులో లోపం ఉంది, అది చిన్నది కాదు. ఆస్పిరిన్ వేసుకున్నవారితో పోల్చడానికి వేసుకోనివారి జట్టు ఆయన దగ్గర లేదు. డాక్టరు చెప్పినట్టు ఏళ్ళ తరబడి మాత్ర వేసుకునే మనిషి మామూలుగానే ఒంటి మీద శ్రద్ధ ఉన్నవాడై ఉంటాడు. మధ్యలో ఊరు మారినవారు, వేరే ఆసుపత్రిలో చనిపోయినవారు ఈయన పుస్తకంలోకి ఎక్కరు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ అనుమానపెట్టేది ఆ ‘సున్నా’. నడివయసు దాటిన 8,000 మంది అమెరికన్ పురుషులలో, గుండెపోట్లు ఉధృతంగా ఉన్న ఆ రోజుల్లో, ఒక్కరికీ గడ్డ రాలేదంటే మందు అద్భుతమైనదని అనుకోవడంకన్నా లెక్క జారిపోయిందని అనుకోవడమే సబబు. తర్వాతి పరీక్షలలో ఆస్పిరిన్ ముప్పును కొంత తగ్గించింది, ఎక్కడా తుడిచిపెట్టలేదు.

ఆయన చెప్పిన కారణం కూడా సరికాదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో రసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ బృందం 1940లలో ఎలుకల మీద చేసిన పనిని బట్టి, ఆస్పిరిన్ జాతి మందులు కాలేయంలో తయారయ్యే, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోత్రాంబిన్ అనే పదార్థాన్ని తగ్గిస్తాయని అప్పట్లో తెలుసు. క్రేవెన్ దాన్నే ఆధారం చేసుకున్నారు. చిన్న మోతాదులో ఆస్పిరిన్ పనిచేసేది అక్కడ కాదు, ప్లేట్‌లెట్ల మీద. మందు సరైనది, వివరణ తప్పు, రుజువు చాలనిది. అయినా ఊహ నిలబడింది.

క్రేవెన్ గుండెపోటుతోనే చనిపోయారన్నది నిజమేనా?

నిజమే. చివరి రచన వచ్చిన మరుసటి ఏడాది, 1957లో, గుండెపోటుతో మరణించారు. దీన్ని ఎగతాళిగా చెప్పుకునేవారున్నారు. పోల్చే జట్టు లేని 8,000 మంది ఎంత రుజువో, ఒక్క మనిషి మరణమూ అంతే రుజువు.

ఆస్పిరిన్ ఒంట్లో చేసే పని ఏమిటి?

రక్తంలో తిరిగే ప్లేట్‌లెట్లు గాయం దగ్గరికి మొదట చేరే కణాలు. ఒక ప్లేట్‌లెట్ గోడకు అతుక్కోగానే త్రాంబాక్సేన్ అనే రసాయనాన్ని విడుదల చేసి, దారిలో పోతున్న మిగతావాటిని పిలుస్తుంది. అవన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. ఆ ముద్ద చుట్టూ ఫైబ్రిన్ అనే దారాలు వలలా అల్లుకుంటే గడ్డ గట్టిపడుతుంది. త్రాంబాక్సేన్ తయారు కావాలంటే కాక్స్-1 అనే ఎంజైము కావాలి. ఆస్పిరిన్ ఆ ఎంజైముకు అతుక్కుని దాన్ని శాశ్వతంగా పనికిరాకుండా చేస్తుంది.

ఇందులో ఒక చమత్కారం ఉంది. మింగిన ఆస్పిరిన్ రక్తంలో ఎంతోసేపు నిలవదు, సగం సుమారు 20 నిమిషాలలోనే విచ్ఛిన్నమవుతుంది. అయినా పని మాత్రం రోజుల తరబడి ఉంటుంది. కారణం, ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు కాబట్టి అది కొత్త ఎంజైము తయారు చేసుకోలేదు. చెడిపోయిన ఎంజైముతోనే తన వారం పది రోజుల ఆయుష్షు గడిపేస్తుంది. ఒంట్లో రోజుకు సుమారు పదో వంతు కొత్త ప్లేట్‌లెట్లు పుడుతుంటాయి, అందుకే రోజూ ఒక చిన్న మాత్ర సరిపోతుంది. తలనొప్పికి 300 మిల్లీగ్రాములకు పైగా కావలసిన మందు గుండెకు 75 మిల్లీగ్రాములతో చాలడంలోని మర్మం ఇదే.

ఆస్పిరిన్ జాతి మందులు ప్రోస్టాగ్లాండిన్ల (కాక్స్ ఎంజైము సాయంతోనే తయారయ్యే, త్రాంబాక్సేన్‌కు దగ్గరి చుట్టాలైన రసాయనాల) తయారీని ఆపుతాయని 1971లో లండన్‌లో జాన్ వేన్ కనిపెట్టారు. ఆయనకు 1982లో స్వీడన్ శాస్త్రవేత్తలు బెర్గ్‌స్ట్రామ్, శామ్యుయెల్సన్‌లతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

దీన్ని ‘రక్తం పలచన చేసే మాత్ర’ అంటారు కదా. రక్తం నీళ్ళలా అవుతుందా?

కాదు. నీళ్ళు కలిపిన పాలు పలచబడినట్టు రక్తం పలచబడదు, దాని చిక్కదనం అలాగే ఉంటుంది. తగ్గేది గడ్డకట్టే చురుకుదనం మాత్రమే. ఈ మాట వాడుకలో ఎంత స్థిరపడిపోయిందంటే, డాక్టర్లే అలా అంటారు. కానీ దీనివల్ల చిక్కు వస్తుంది. మా బంధువుల్లో ఒక పెద్దాయన, నీరసంగా ఉంటే రక్తం పలచబడిపోయిందనుకుని, ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేశారు. పరీక్ష చేయిస్తే ఆయనకు ఉన్నది రక్తహీనత, కడుపులో పుండు నుంచి కొద్దికొద్దిగా రక్తం పోవడం వల్ల వచ్చింది. దానికి మందు వేరు, పుండు మానేలోగా ఆస్పిరిన్ విషయం తేల్చవలసింది డాక్టరు.

ఆస్పిరిన్, వార్ఫరిన్ ఒకే రకం మందులా?

ఒకటి కాదు. వార్ఫరిన్ కథ పైన చెప్పిన కార్ల్ పాల్ లింక్‌తోనే మొదలైంది. 1933 ఫిబ్రవరిలో, మంచు తుఫానులో, విస్కాన్సిన్ రైతు ఒకరు చచ్చిన పెయ్య దూడను, పాల క్యానులో ఎంతకీ గడ్డకట్టని రక్తాన్ని, పశువులు తిన్న ఎండుగడ్డిని వెంటేసుకుని ఆయన ప్రయోగశాలకు వచ్చారు. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం కారి చచ్చిపోతున్నాయి. ఆ గడ్డిలోంచి లింక్ బృందం డైకుమరాల్ అనే పదార్థాన్ని వేరు చేసింది. దాని వరసలో వచ్చిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా మార్కెట్టుకు వచ్చి, 1950లలో మనుషుల మందయింది. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కూ దీన్ని ఇచ్చారు.

వార్ఫరిన్ ప్లేట్‌లెట్ల జోలికి పోదు, విటమిన్ కె మీద ఆధారపడే గడ్డకట్టే పదార్థాల తయారీని తగ్గిస్తుంది. రక్తం వేగంగా పారే ధమనులలో గడ్డలు ప్లేట్‌లెట్లతో మొదలవుతాయి, అక్కడ ఆస్పిరిన్ పనికొస్తుంది. రక్తం మందంగా కదిలే సిరలలో, లయ తప్పిన గుండె గదులలో, కృత్రిమ లోహపు కవాటాల దగ్గర ఫైబ్రిన్ పాత్ర పెద్దది, అక్కడ వార్ఫరిన్ జాతి మందులు కావాలి. కవాటం మార్పించుకున్నవారు ఐఎన్‌ఆర్ పరీక్ష (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసేది) క్రమం తప్పకుండా చేయించుకోవలసిందీ, పాలకూర, తోటకూర వంటివి ఒక వారం మానేసి ఇంకో వారం గంపెడు తినకుండా ఎప్పుడూ ఒకే తీరున తినవలసిందీ ఈ విటమిన్ కె వల్లనే.

క్రేవెన్ ఊహ చివరికి ఎప్పుడు రుజువైంది?

ఆయన చనిపోయిన పదేళ్ళకు ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లను అడ్డుకుంటుందని వేర్వేరు బృందాలు చూపాయి. 1974లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో పీటర్ ఎల్వుడ్, ఆర్చీ కాక్రేన్ తదితరులు గుండెపోటు నుంచి కోలుకున్న 1,239 మంది పురుషులను చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడగొట్టి, ఒక జట్టుకు ఆస్పిరిన్, రెండో జట్టుకు మందులేని మాత్ర ఇచ్చారు. ఆస్పిరిన్ జట్టులో మరణాలు 24 శాతం తక్కువగా ఉన్నా, యాదృచ్ఛికం కాదని చెప్పడానికి ఆ తేడా చాలలేదు. వారు ఆ మాట దాచలేదు.

నిర్ణయాత్మకమైన జవాబు 1988లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా ఐసిస్-2 అనే పరీక్షలో 417 ఆసుపత్రులలో, గుండెపోటు అనుమానంతో చేరిన 17,187 మంది పాల్గొన్నారు. నెలరోజులపాటు రోజుకు 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చినవారిలో ఐదు వారాలలో రక్తనాళాల కారణంగా మరణించినవారు 9.4 శాతం, ఇవ్వనివారిలో 11.8 శాతం. గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఇంజెక్షన్ కూడా తోడైతే 8 శాతానికి తగ్గింది, రెండూ అందనివారిలో 13.2 శాతం.

ఈ పరీక్షలో మనవాళ్ళకు సరదా కలిగించే ముచ్చట ఒకటుంది. ఏ వయసువారికి, ఏ రకం రోగికి మేలు జరిగిందో విడివిడిగా చూపమని పత్రిక సంపాదకులు అడిగితే, జట్లను మరీ చిన్న ముక్కలుగా కోస్తే ఎలాంటి వెర్రి ఫలితాలు వస్తాయో చూపడానికి పరిశోధకులు పుట్టిన తేదీని బట్టి రాశుల వారీగా లెక్క వేశారు. మిథున, తులా రాశులవారికి ఆస్పిరిన్ వల్ల కాస్త కీడే జరిగినట్టు తేలింది! అది అంకెల ఆట తప్ప నిజం కాదు. (ఇవి పాశ్చాత్యుల సూర్యరాశులు, మన జన్మనక్షత్రాన్ని బట్టి వచ్చేవి కావు, పంచాంగం తీయనక్కర్లేదు.)

గుండెజబ్బు లేనివారు కూడా ముందుజాగ్రత్తగా రోజూ వేసుకోవచ్చా?

క్రేవెన్ చెప్పింది సరిగ్గా ఇదే, ఇవాళ వైద్యులు వెనక్కి తీసుకుంటున్నదీ ఇదే. 1980లలో అమెరికాలో 22,071 మంది పురుష వైద్యులపై జరిగిన పరీక్షలో రోజు విడిచి రోజు 325 మిల్లీగ్రాములు వేసుకున్నవారికి తొలి గుండెపోటు ముప్పు 44 శాతం తగ్గడంతో చాలామంది ఈ అలవాటు పట్టుకున్నారు. 2018లో వెలువడిన ఆస్ప్రీ పరీక్షలో 19,114 మంది ఆరోగ్యవంతులైన వృద్ధులను చూస్తే ఆయుష్షులో గానీ, తమ పని తాము చేసుకునే శక్తిలో గానీ మేలు కనిపించలేదు, పెద్ద రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. అదే ఏడాది 15,480 మంది మధుమేహ రోగులపై జరిగిన అసెండ్ పరీక్షలో గుండె, రక్తనాళాల సమస్యలు 12 శాతం తగ్గితే, పెద్ద రక్తస్రావాలు 29 శాతం పెరిగాయి. బీపీ, కొలెస్టరాల్ మందులు మెరుగుపడి, పొగ మానేసినవారు పెరిగాక, ఆస్పిరిన్‌కు కొత్తగా కాపాడటానికి మిగిలింది తక్కువ, కడుపులోనూ మెదడులోనూ రక్తం కారే ప్రమాదం మాత్రం అలాగే ఉంది.

అందుకే ఇంతకుముందు గుండెపోటు గానీ, గడ్డ వల్ల పక్షవాతం గానీ వచ్చినవారికి, స్టెంట్ వేయించుకున్నవారికి, బైపాస్ అయినవారికి ఇది సాధారణంగా మానకూడని మందు. ఏ జబ్బూ లేని అరవై దాటినవారు పక్కింటాయన వాడుతున్నాడని మొదలుపెట్టకూడని మందు. ఈ రెంటి మధ్య ఉన్నవారు డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి.

ఛాతీలో నొప్పి రాగానే ఆస్పిరిన్ నమలాలా?

ముందు 108కు ఫోన్ చేయాలి, లేదా దగ్గరలోని ఆసుపత్రికి బయలుదేరాలి. నిజంగా గుండెపోటయితే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగడం మేలు చేస్తుంది, నమిలితే మింగినదానికన్నా త్వరగా పనిచేస్తుంది. పూత ఉన్న మాత్ర కడుపు దాటేదాకా కరగదు కాబట్టి దాన్ని కూడా నమలవలసిందే. కానీ క్రేవెన్ తొమ్మిది మంది రోగులను మరిచిపోకూడదు: బృహద్ధమని చీలిక కూడా ఇలాగే నొప్పితో వస్తుంది, అప్పుడు ఆస్పిరిన్ కీడు చేయవచ్చు. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో రక్తస్రావం ఉన్నవారు వేసుకోకూడదు. వీలైతే ఫోన్‌లో డాక్టరునో, అంబులెన్సు సిబ్బందినో అడిగి వేసుకోవడం మంచిది. మాత్ర వేసుకున్నాం కదా అని తెల్లవారేదాకా ఆగడం మాత్రం చాలా ప్రమాదం.

జ్వరం వస్తే ఆస్పిరిన్ వాడవచ్చా?

మన ప్రాంతంలో వానాకాలంలో వచ్చే జ్వరం డెంగీ కావచ్చు. డెంగీలో ప్లేట్‌లెట్ల సంఖ్య పడిపోతుంది. మిగిలినవాటిని ఆస్పిరిన్ పనిచేయనివ్వకపోతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాలే వాడాలి. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకుంటున్నవారికి డెంగీ వస్తే, కొనసాగించాలా ఆపాలా అన్నది ప్లేట్‌లెట్ల లెక్క చూసి డాక్టరు చెప్పాలి. పిల్లలకు వైరల్ జ్వరాలలో అసలే ఇవ్వకూడదు, రేస్ సిండ్రోమ్ అనే ప్రాణాంతక స్థితి రావచ్చు.

పన్ను తీయించుకునే ముందు ఎన్ని రోజులు ఆపాలి?

ప్లేట్‌లెట్ల ఆయుష్షును బట్టి, ఆస్పిరిన్ ప్రభావం పూర్తిగా పోవడానికి వారం పైనే పడుతుంది. ఒకటి రెండు పళ్ళు తీయించుకోవడానికి చాలా సందర్భాలలో ఆపనే అక్కర్లేదు. రక్తం మామూలుకన్నా కొంచెం ఎక్కువసేపు కారుతుంది, దూది గట్టిగా నొక్కిపెడితే ఆగుతుంది. స్టెంట్ వేసిన తొలి ఏడాదిలో సొంతంగా మానేస్తే స్టెంట్ లోపలే గడ్డకట్టే ప్రమాదం ఉంది. మాత్ర వాడుతున్న సంగతి దంతవైద్యునికి ముందే చెప్పి, పెద్ద ఆపరేషన్ అయితే గుండె డాక్టరుకూ సర్జనుకూ మాట కలిపించాలి. ఒక పూట మరచిపోతే మర్నాడు రెండు వేసుకోనక్కర్లేదు. నిన్నటి మాత్ర దెబ్బతీసిన ప్లేట్‌లెట్లలో ఎక్కువ భాగం ఇంకా అలాగే ఉంటాయి.